కాలేజీ వేడుకల్లో భోజనం, మద్యం, జనసమ్మర్దం: నిర్వాహక కమిటీ ఏం చేయాలి?

ఫ్రెషర్స్ డే అయినా, వార్షికోత్సవమైనా, పూర్వ విద్యార్థుల సమ్మేళనమైనా బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కాలేజీల కమిటీ సభ్యులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఆరువందల మందికి భోజనం పెట్టాలంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి, పాత విద్యార్థుల విందులో మద్యం పెట్టవచ్చా, ఎవరైనా తాగి వస్తే గేటు దగ్గర ఏం చేయాలి, ఎవరికైనా ఏమైనా అయితే ఎవరు పూనుకోవాలి? ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు చెప్పడం కన్నా మొత్తం పనిని వరుసగా రాయడం మేలనిపించింది. చట్టానికి సంబంధించిన మాటలు ప్రధానంగా ఒడిశాకు వర్తిస్తాయి. మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న తెలుగువారికి తేడా వచ్చే చోట ఆ మాట విడిగా చెప్పాను.

కమిటీలు మద్యం గురించి ఎక్కువగా, సమయం గురించి తక్కువగా ఆలోచిస్తాయి. సాయంత్రం ఐదింటికి పొయ్యి మీద నుంచి దించిన అన్నం, ముఖ్య అతిథి ఆలస్యంగా రావడం వల్ల, రాత్రి పదింటికి విస్తట్లో పడుతుంది. తొమ్మిదింటికి ముగియవలసిన కార్యక్రమం సాగి సాగి అర్ధరాత్రికి ముగిస్తే పిల్లలు నిద్రమత్తులో, కొందరు మరో మత్తులో, బండ్లెక్కి జాతీయ రహదారి పట్టుకుంటారు. అందువల్ల కింది మెట్లలో చాలావాటిని గడియారంతో ముడిపెట్టాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ప్రిన్సిపల్ లేదా రిజిస్ట్రార్ సంతకం చేసిన అనుమతి పత్రం, మైకు అనుమతి, స్థానిక ఠాణాకు ఇచ్చిన సమాచార లేఖ నకలు.
- కేటరింగువారి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నకలు. దాని మీద 14 అంకెల సంఖ్య ఉంటుంది.
- ఆహారంలో గుచ్చి వేడి చూసే థర్మామీటర్లు రెండు. ఒకటి పాడైతే రెండోది ఉండాలి.
- చేతులు కడుక్కోవడానికి కుళాయిలున్న డ్రమ్ములు, సబ్బు.
- ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, ప్రథమ చికిత్స పెట్టె, రెండు పరుపులు, దుప్పట్లు, బకెట్లు.
- నిప్పు ఆర్పే సిలిండర్లు, ఇసుక బకెట్లు.
- కార్యక్రమం ముగిసేదాకా కదలకుండా ఉండే ఒక కారు లేదా జీపు, ఆ రాత్రి చుక్క ముట్టని డ్రైవరు.
- ఫోను నంబర్ల కాగితం: అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, మహిళల సహాయానికి 181. వీటితో పాటు స్థానిక ఠాణా, దగ్గరి ఆసుపత్రి, వార్డెన్ల నేరు నంబర్లు. సరిహద్దు ఊళ్ళలో ఫోను అవతలి రాష్ట్రపు టవరును పట్టుకోవడం మనకు కొత్త కాదు. కాబట్టి ఎవరు ఫోను చేసినా మొదటి మాటగా రాష్ట్రం, జిల్లా, ఊరు చెప్పాలని అందరికీ నేర్పండి.
- ఒక నోటు పుస్తకం. ఏ వంటకం ఎన్నింటికి దించారో, ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో అందులో రాయాలి.

1. బాధ్యతలను పేరుపేరునా అప్పగించండి

“అందరం చూసుకుంటాం” అన్న చోట ఎవరూ చూసుకోరు. భోజనానికి ఒకరు, ద్వారానికి ఒకరు, వైద్య సహాయానికి ఒకరు, సమయానికి ఒకరు ఉండాలి. వారి పేర్లను, ఫోను నంబర్లను కాగితం మీద రాసి వేదిక వెనుక అతికించండి. ఈ నలుగురూ ఆ రోజు వేదిక ఎక్కకూడదు, నృత్య ప్రదర్శనలో ఉండకూడదు.

సమయం చూసే వ్యక్తికి ఒక అధికారాన్ని ముందే రాతపూర్వకంగా ఇప్పించండి: అతిథి వచ్చినా రాకపోయినా నిర్ణయించిన వేళకు వడ్డన మొదలుపెట్టమని చెప్పే అధికారం. విద్యార్థి నోటి మాటతో ఉపన్యాసం ఆగదు గనుక దాని మీద ప్రిన్సిపల్ సంతకం తప్పనిసరి. కమిటీలో ఒక్క మెట్టే అమలు చేసే ఓపిక ఉంటే, ఈ మెట్టును అమలు చేయమంటాను.

2. తేదీనీ, వేళనూ స్థానిక పరిస్థితులు చూసి నిర్ణయించండి

అక్టోబరు మన తీరంలో తుపానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తింది. ఆ నెలలో ఆరుబయట షామియానా వేయక తప్పదనుకుంటే లోపలి హాలును కూడా రిజర్వు చేసి ఉంచండి. మూడు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి.

మార్గశిర లక్ష్మివారాలలో ఒడియా ఇళ్ళలో మాణబసా, మన ఇళ్ళలో లక్ష్మీపూజ ఉంటాయి. కార్తికంలో రెండు భాషలవారిలోనూ మాంసం మానేసేవారు ఎక్కువ. ఆ రోజుల్లో చికెన్ బిర్యానీ పెడితే సగం మిగిలిపోతుంది, మిగిలిన బిర్యానీ హాస్టలుకు చేరుతుంది, మరుసటి రోజు కడుపు నొప్పులు అక్కడే మొదలవుతాయి. తేదీకీ ఆహార భద్రతకూ ఇంత దగ్గరి సంబంధం ఉంది.

శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. కనుక చివరి అంశం తొమ్మిదిన్నరకు ముగిసేలా వెనక నుంచి లెక్క కట్టుకుంటూ కార్యక్రమాన్ని అల్లండి.

3. వంటవారిని ఎంచుకోండి

లైసెన్సు నకలు చూడటం మొదటి పని, వారి వంటగదికి వెళ్ళి చూడటం రెండో పని. చెప్పకుండా వెళ్ళండి. పచ్చి మాంసం కోసే పలకా కూరగాయలు తరిగే పలకా వేరువేరుగా ఉన్నాయా, చేతులు కడుక్కునే చోట సబ్బు ఉందా, విరేచనాలతోనో చేతి మీద చీము పుండుతోనో ఉన్నవారు వంటలో చేయి పెడుతున్నారా అన్నవి గమనించండి. ఎంతమందికి ఒకేసారి వండగలరో అడిగి, వారు చెప్పిన సంఖ్యను వారి దగ్గరున్న పొయ్యిలతో, డేక్సాలతో సరిపోల్చండి. రెండువందల మందికి వండే సరంజామాతో ఆరువందల మందికి వండాలంటే ముందు రాత్రే వండక తప్పదు. ఆ సంగతి వారు మీకు చెప్పరు.

ఒప్పందంలో మూడు మాటలు రాయించండి. వంట వేదిక దగ్గరే జరగాలి, లేదా దించిన అరగంటలో వేదికకు చేరాలి. ముందు రోజు వండినది ఏదీ తేకూడదు. ప్రతి వంటకం నుంచి కమిటీకి నమూనా ఇవ్వాలి.

వంటసహాయకుల్లో చాలామంది ఒడియా మాత్రమే మాట్లాడేవారు కావచ్చు. వేరుశనగ, జీడిపప్పు, పాలు, రొయ్యలు పడనివారి వివరాలను ఒడియాలోనూ తెలుగులోనూ రాసి వంటమాస్టరుకు ఇవ్వండి. బల్ల మీద ప్రతి గిన్నె ముందు పేరు పలకను రెండు భాషల్లోనూ పెట్టండి. గరిటెలు ఒక గిన్నె నుంచి మరో గిన్నెకు మారకుండా చూడటానికి ఒక వాలంటీరును నిలబెట్టాలి. పలక ఎంత స్పష్టంగా రాసినా ఒక్క గరిటె మారితే ఆ జాగ్రత్త వృథా అవుతుంది.

4. వంటశాలను అమర్చండి

వంట షామియానా ప్రధాన షామియానాకు దూరంగా, గాలివాటుకు దిగువన ఉండాలి. ఇంటి గ్యాసు సిలిండర్లను వాడనివ్వకండి. ఇలాంటి పనులకు 19 కిలోల వాణిజ్య సిలిండర్లే వాడాలి. వాటిని నిలువుగా, పొయ్యికి దూరంగా, తెరల బయట ఉంచాలి. నూనె మూకుడు అంటుకుంటే నీళ్ళు పోయకూడదన్న మాట అందరికీ తెలిసినట్టే ఉంటుంది, మంట లేచినప్పుడు మాత్రం చేయి నీళ్ళ బకెట్టు మీదికే పోతుంది. మూకుడు పక్కనే సరిపడే మూత పెట్టించండి. మంట లేస్తే గ్యాసు కట్టి మూత వేయాలి.

తాగునీటికి ఒక్కొక్కరికి కనీసం ఒక లీటరు, ఎండాకాలమైతే రెండు లీటర్లు లెక్క వేయండి. 20 లీటర్ల డబ్బాలైతే మూత ముద్ర చెదరలేదని చూసి దించుకోండి. ఐసు విషయంలో కచ్చితంగా ఉండండి. తీరం దగ్గర చౌకగా దొరికే ఐసు దిమ్మలు చేపల నిల్వకు తయారుచేసినవి. వాటిని శీతల పానీయాల డబ్బాల చుట్టూ వేయవచ్చు గాని షర్బతులో వేయకూడదు.

పళ్ళేల విషయంలో ఆలోచించవలసిన పని లేదు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. అడ్డాకుల విస్తళ్ళు మన సంతల్లో దొరుకుతాయి, వేడి అన్నానికి అవే బాగుంటాయి.

5. వంట, నిల్వ, వడ్డన

ఆహారం 5 డిగ్రీల సెల్సియస్‌కూ 60 డిగ్రీలకూ మధ్య ఉన్నంతసేపూ అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. వేడివి 60కి పైన, చల్లనివి 5కి దిగువన ఉంచాలి. ఉంచలేకపోతే దించిన రెండు గంటల్లో తినిపించాలి. నాలుగు గంటలు దాటినదాన్ని పారేయాలి. ఈ నియమానికి బేరాలు లేవు.

పెద్ద డేక్సాలో బిర్యానీ వేడి చూసేటప్పుడు చాలామంది అంచున చెంచా పెట్టి పొగ వస్తోందని తృప్తి పడతారు. థర్మామీటరు ముల్లును డేక్సా నడుమన, లోతుకు, ముక్కల మధ్యకు దించి అంకె నిలకడగా ఆగేదాకా పట్టుకోవాలి. వండేటప్పుడు చికెన్ ముక్క నడుమ 75 డిగ్రీలు దాటాలి. వడ్డన బల్ల మీద ప్రతి అరగంటకూ 60కి పైన ఉందో లేదో చూసి పుస్తకంలో వేళతో సహా రాయాలి. ఒక గిన్నె నుంచి మరో గిన్నెకు వెళ్ళే ముందు ముల్లును శుభ్రంగా తుడిచి వేడి నీళ్ళలో ముంచాలి. వెజ్ గిన్నెకూ నాన్‌వెజ్ గిన్నెకూ వేరువేరు థర్మామీటర్లు కేటాయిస్తే శాకాహారుల మనసుకూ ఇబ్బంది ఉండదు.

థర్మామీటరు సరైనదో కాదో ముందురోజే చూసుకోండి. గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, మిగిలిన ఖాళీలో నీళ్ళు పోసి, కలిపి, ముల్లును గ్లాసు అడుగుకు తగలకుండా ముంచితే సున్నాకు దగ్గరగా రావాలి. రెండు డిగ్రీలకు మించి తేడా ఉంటే మార్చేయండి.

ఎక్కువగా ముప్పు తెచ్చే వంటకాలను గుర్తుపెట్టుకోండి. అన్నం వాటిలో మొదటిది. వండిన తరువాత కూడా బతికి ఉండే బీజాలు అందులో ఉంటాయి, గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. “మళ్ళీ ఒక పొంగు రానిచ్చాం” అన్న మాట అన్నం విషయంలో చెల్లదని చెప్పేది అందుకే. పాలవిరుగుడు మిఠాయిలు, కొబ్బరి చట్నీ, పెరుగన్నం, రొయ్యల కూర తరువాతి వరుసలో ఉంటాయి. పచ్చిగుడ్డుతో చేసే మయొనైజును అసలే పెట్టకండి. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో దాన్ని ఏడాది పాటు నిషేధించింది. చింతపండు పులిహోరకు పులుపు వల్ల కొంత రక్షణ ఉంటుంది గనుక ఆలస్యం కావచ్చని తోచిన కార్యక్రమాల్లో తెల్లన్నం బదులు దాన్ని ఎంచుకోవడం నా దృష్టిలో తెలివైన పని. దానికీ వేళ నియమం మాత్రం వర్తిస్తుంది.

వంటను ఒకేసారి ముగించకుండా విడతలుగా సాగించమనండి. మొదటి బంతికి ఒక డేక్సా, రెండో బంతికి మరో డేక్సా. బఫే పెడితే ఆరువందల మందికి ఒకే వరుస చాలదు. కనీసం నాలుగు బల్లలు, ఒక్కొక్క బల్లకు రెండు పక్కలా వరుసలు ఏర్పాటు చేయండి. ఖాళీ అవుతున్న గిన్నెలోకి కొత్త వంటకాన్ని కుమ్మరించనివ్వకండి. పాత గిన్నె తీసి కొత్త గిన్నె పెట్టాలి.

ప్రత్యామ్నాయం: వేడిని నిలబెట్టే సదుపాయం లేని చోట పూర్తి భోజనం మానేయండి. అప్పటికప్పుడు వేసే పూరీలు, బజ్జీలు, వడలు, ముద్ర వేసి ఉన్న బిస్కెట్లు, పండ్లు, టీతో వేడుకను చక్కగా నడపవచ్చు. భోజనం లేకపోతే పరువు పోతుందన్న బెంగ కమిటీకే గాని తినేవారికి ఉండదు.

6. విద్యార్థుల కార్యక్రమంలో మద్యం వద్దు

ఒడిశాలోనూ ఆంధ్రలోనూ 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మడం నేరం. డిగ్రీ విద్యార్థుల్లో అత్యధికులు ఆ వయసుకు లోపువారే. మొదటి సంవత్సరంలోనూ ప్లస్ టూలోనూ 18 నిండనివారుంటారు. అలాంటివారికి మత్తుపదార్థం ఇచ్చినవారికి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. స్నేహితుడికి గ్లాసు అందించిన సీనియరుకూ ఇది వర్తిస్తుందని మీ వాలంటీర్లకు ముందే చెప్పండి.

మహారాష్ట్ర వైపు లెక్క వేరు. అక్కడ బీరుకు 21, విస్కీ వంటి గాఢమైన మద్యానికి 25 ఏళ్ళు ఉండాలి. సిరొంచ ఉన్న గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. చంద్రపూర్‌లో 2015లో వచ్చిన నిషేధాన్ని 2021లో ఎత్తేశారు. పక్క జిల్లాలో చెల్లినది మన జిల్లాలోనూ చెల్లుతుందని అనుకోకూడదు. ఆంధ్ర సరిహద్దులోని ఇచ్ఛాపురం నుంచి ఒడిశాలోకి సీసాలు మోసుకొచ్చే ఆలోచన కూడా ఇదే రకం. రాష్ట్రం గీత దాటితే పన్ను, పర్మిటు రెండూ మారతాయి.

కూల్‌డ్రింకు సీసాల్లో కలిపి తెచ్చుకోవడమే సాధారణంగా జరిగే పద్ధతి. బయటి సీసాలను గేటు దగ్గరే ఆపి, లోపల నీళ్ళు, మజ్జిగ, నిమ్మరసం ఉచితంగా, ధారాళంగా ఇవ్వండి. సీసా తెచ్చుకోవడానికి సాకు లేకుండా పోతుంది. వెతకడం మర్యాదగా జరగాలి. అమ్మాయిల సంచులను మహిళా వాలంటీర్లే చూడాలి.

7. పూర్వ విద్యార్థుల విందు

అందరూ వయసు నిండినవారే వచ్చే విందులో మద్యం పెట్టదలచుకుంటే దాన్ని ప్రాంగణం బయట, బారు లైసెన్సు ఉన్న హోటల్లో పెట్టుకోండి. లైసెన్సు లేని హాలులో పెట్టాలంటే ఎక్సైజ్ శాఖ నుంచి ఆ రోజుకు తాత్కాలిక లైసెన్సు తీసుకోవాలి. ప్రస్తుత విద్యార్థులను ఆ విందుకు వాలంటీర్లుగా కూడా పిలవకండి. పాత విద్యార్థులు ప్రేమతో జూనియర్ల భుజం మీద చేయి వేసి గ్లాసు అందించడం దగ్గరే వ్యవహారం చెడుతుంది.

పోసే పని హోటలు సిబ్బందిదే కావాలి, 30 మిల్లీలీటర్ల కొలతతోనే పోయాలి. బల్లల మీద సీసాలు పెట్టి ఎవరికి వారు పోసుకోమంటే ఎవరు ఎంత తాగారో వారికే తెలియదు. తిండి ముందు రావాలి, మద్యం తరువాత రావాలి. ఉప్పు, కారం ఎక్కువున్న వేపుళ్ళు దాహాన్ని పెంచి ఇంకా తాగిస్తాయి కాబట్టి పప్పు, అన్నం, పనీరు వంటి నిండైన పదార్థాలు కూడా ఉండాలి. భోజనం ముగియడానికి గంట ముందే బారును మూసేయండి. “ఎంతైనా తాగవచ్చు” అన్న ప్యాకేజీ హోటలువారు తక్కువ ధరకు ఇస్తామన్నా తీసుకోకండి. ఒక్కో ఆహ్వాన కార్డుకు రెండు టోకెన్లు ఇవ్వడం దానికన్నా మంచి పద్ధతి.

8. ద్వారం దగ్గర

తాగి వచ్చినవారిని లోపలికి రానివ్వకూడదన్నది అందరికీ తెలుసు. రానివ్వనివారిని ఏం చేయాలన్నది ఎవరూ ఆలోచించరు. గేటు నుంచి తిప్పి పంపితే ఆ కుర్రవాడు బండెక్కి వెళ్ళిపోతాడు, మీ ప్రాంగణంలో జరగని ప్రమాదం రోడ్డు మీద జరుగుతుంది. గేటు పక్కనే ఒక నీడ, రెండు కుర్చీలు, నీళ్ళు పెట్టండి. గొంతు పెంచకుండా, పదిమంది ముందు అవమానించకుండా, “తమ్ముడూ, తాళం మా దగ్గర ఉంచు, మీ వాళ్ళెవరైనా వచ్చేదాకా ఇక్కడ కూర్చో” అని ఒక్క సీనియరు మాట్లాడాలి. నలుగురు చుట్టుముడితే గొడవ ఖాయం. హాస్టలు మిత్రుడికో ఇంటికో ఫోను చేసి, వచ్చినవారి పేరు, వేళ రాసుకుని అప్పగించండి.

జనసమ్మర్దం కూడా ద్వారం మనిషి పనే. 2023 నవంబరు 25న కొచ్చి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయపు ఉత్సవంలో తొక్కిసలాట జరిగి నలుగురు మరణించారు. పాటకచేరీకి ముందు వాన మొదలవడంతో బయట ఉన్నవారు నిటారు మెట్లున్న ఒకే దారిన లోపలికి తోసుకొచ్చారు. కాబట్టి పోయే దారులు కనీసం రెండు, వచ్చే దారికి వేరుగా ఉండాలి. వాటికి తాళాలు వేయకూడదు, వాటి ముందు బండ్లు నిలపకూడదు. వాన వస్తే జనం ఎటు పరుగెడతారో ముందే ఊహించి ఆ వైపు మనుషులను నిలపండి. వేదిక ముందు చదరపు మీటరుకు నలుగురు దాటుతున్నారని తోస్తే ప్రవేశం ఆపేయండి. గేటు దగ్గర లెక్కపెట్టే మనిషి లేకపోతే ఆ తోచడం ఆలస్యంగా జరుగుతుంది.

9. ఎవరికైనా బాగోకపోతే

తాగి పడిపోయినవారిని పిలవండి, భుజం తట్టండి. పలకకపోయినా, నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువ సార్లు ఊపిరి తీస్తున్నా, రెండు ఊపిరుల మధ్య పది సెకన్లకు పైగా ఎడం వస్తున్నా, ఒళ్ళు చల్లబడి పెదవులు నీలంగా మారినా వెంటనే 108కి ఫోను చేయండి. ఊపిరి తీస్తున్నవారిని ఎడమ పక్కకు తిప్పి, పై కాలు మోకాలి దగ్గర మడిచి, తల కొద్దిగా వెనక్కి వంచి పడుకోబెట్టండి. వెల్లకిలా పడుకోబెడితే వాంతి గొంతుకు అడ్డం పడుతుంది. ఒంటరిగా వదలకండి. మజ్జిగ, కాఫీ, నిమ్మరసం తాగించడం, వేలు పెట్టి కక్కించడం, నెత్తిన చన్నీళ్ళు పోయడం, ఇవన్నీ మన దగ్గర పాతుకుపోయిన పద్ధతులు, ఒక్కటీ పనికిరాదు. మత్తు దిగడానికి కాలమే మందు.

నాటుసారా తాగినట్టు తెలిస్తే మరింత జాగ్రత్త అవసరం. గంజాం జిల్లా చికిటి ప్రాంతంలో 2024 ఆగస్టులో కల్తీ సారా ప్రాణాలు తీసింది. మిథనాల్ (విషపూరితమైన ఒక రకం ఆల్కహాలు) కలిసిన సారా తాగినవారు మొదట మామూలుగానే కనిపించి, పన్నెండు గంటల తరువాతో మరుసటి రోజో చూపు మసకబారిందని, కడుపు నొప్పి అని అంటారు. ఆ మాట వినగానే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బరంపురం చుట్టుపక్కల అయితే ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళవచ్చు. అక్కడ వైద్యుడికి సారా సంగతి దాచకుండా చెప్పండి.

వాంతులు, విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. కలిపి కొద్దికొద్దిగా తాగించండి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసు నీళ్ళలో మొత్తం పొట్లం గుమ్మరిస్తే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు జరుగుతుంది.

స్నేహితులు ఆలస్యం చేయడానికి శిక్ష భయమే ప్రధాన కారణం. సహాయం కోసం ఫోను చేసినవారి మీద, ఆ ఫోను కారణంగా, క్రమశిక్షణ చర్య ఉండదని ప్రిన్సిపల్ చేత కార్యక్రమానికి ముందే నోటీసు వేయించండి. సాధారణంగా మొదట ఒప్పుకోరు. తాగుడుకు శిక్ష వేరు, ఫోనుకు శిక్ష వేరు అని విడదీసి అడిగితే ఒప్పుకుంటారు.

10. ఇళ్ళకు పంపడం

చివరి అంశానికి ముందే బస్సులు గేటు దగ్గర నిలబడి ఉండాలి. తాళం తీసుకున్న బండ్లను ఉదయం దాకా ఇవ్వకండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటి బండి నడిపితే మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వేడుక అయ్యాక గుంపుగా గోపాల్‌పూర్ బీచికి బండ్ల మీద వెళ్ళడం బరంపురం కుర్రాళ్ళ ఆనవాయితీ. దాన్ని నోటీసుతో ఆపలేరు. హాస్టలు వేళను ఆ ఒక్క రాత్రి గంట పొడిగించి, లోపలే టీ, పాటలు ఏర్పాటు చేస్తే చాలామంది ఆగిపోతారు.

తరచుగా జరిగే పొరపాట్లు

వాసన చూసి, రుచి చూసి “బాగానే ఉంది” అనడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే జబ్బు చేసే ఆహారం చాలాసార్లు కమ్మగానే ఉంటుంది. మిగిలిన అన్నాన్ని పుణ్యమని అనాథాశ్రమానికి పంపడం దాని తరువాతది. నాలుగు గంటలు దాటిన వంటను మన పిల్లలకు పెట్టం గనుక వేరే పిల్లలకూ పెట్టకూడదు. పంపదలచుకుంటే వడ్డన మొదలయ్యే ముందే వేడిగా ఒక డేక్సా తీసి పంపండి.

మూడోది, వాలంటీర్లకు భోజనం చివర పెట్టడం. ఉదయం నుంచి పనిచేసినవారు రాత్రి పదకొండింటికి అడుగున మిగిలినది తింటారు, మరునాడు మంచం పట్టేదీ వారే. వారిని మొదటి బంతిలో, రెండు జట్లుగా కూర్చోబెట్టండి.

సరిగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రతి వంటకం నుంచి ఒక గుప్పెడు చొప్పున శుభ్రమైన మూతడబ్బాల్లో తీసి, పేరు, వేళ రాసి, రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. కొన్ని రకాల విషాహారం తిన్న గంట నుంచి ఆరు గంటల్లోనే బయటపడుతుంది, కొన్ని ఒకటి రెండు రోజులు తీసుకుంటాయి. అందువల్ల వార్డెన్లకు ఆ రాత్రి పడుకునే ముందు ఒకసారి, మరుసటి ఉదయం ఒకసారి, ఆ తరువాతి రోజు ఒకసారి ఫోను చేసి కడుపు నొప్పి, వాంతులు ఎవరికైనా ఉన్నాయేమో అడగండి. ఒకరికైతే మామూలు జబ్బు కావచ్చు. ఒకే వంటకం తిన్న ఇద్దరు ముగ్గురికి ఒకే లక్షణాలుంటే కాలేజీ యాజమాన్యానికీ, జిల్లా ఆరోగ్య, ఆహార భద్రత అధికారులకూ అదే రోజు చెప్పి నమూనాలు అప్పగించండి.

నోటు పుస్తకంలో మూడు అంకెలు చూడండి: ప్రతి డేక్సా దించిన వేళకూ చివరి వడ్డనకూ మధ్య ఎడం, అరగంటకోసారి రాయవలసిన వేడి అంకెల్లో ఖాళీలు, గేటు దగ్గర తీసుకున్న తాళాలకూ ఉదయం తిరిగి ఇచ్చిన తాళాలకూ లెక్క. అంకెల్లో ఖాళీలుంటే అప్పుడు ఎవరు ఎక్కడున్నారో అడగండి. తరచుగా వారు పాటకచేరీ చూస్తూ ఉంటారు. తాళాల లెక్క తప్పితే ఆ ఉదయమే ఆ బండి యజమానికి ఫోను చేయండి.

వంటవారికి చివరి వాయిదా డబ్బు మరుసటి రోజు సాయంత్రం ఇస్తామని ఒప్పందంలోనే రాసుకోండి. వార్డెన్లకు రెండో ఫోను చేయకముందు ఆ డబ్బు చెల్లించకండి.